కాంపౌండ్ గోడకి పునాది తియ్యాలి, కింద ఏ లైన్లున్నాయో ఎవరిని అడగాలి?

అంకులి_వాసి:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, అంకులి వైపు. నాన్న ఎప్పుడో కొనిపెట్టిన స్థలంలో ఇల్లు కడుతున్నాం, స్లాబు వేసేశాం, ప్లాస్టరింగ్ నడుస్తోంది, ఇక మిగిలింది రోడ్డు వైపు కాంపౌండ్ గోడ, వెనక మూలకి ఒక సోక్ పిట్, అదే వాడిన నీళ్ళు భూమిలోకి ఇంకే గొయ్యి. గోడ దగ్గర దగ్గర 60 అడుగుల పొడవు ఉంటాది, పునాది మూడున్నర అడుగులు దించాలంటున్నాడు మేస్త్రి. సోక్ పిట్‌కి 8 అడుగులు.

నా భయం ఏటంటే రోడ్డు వారన భూమి కింద ఏమేం ఉన్నాయో మా వీధిలో ఒక్కరికీ తెలీదు. మూడేళ్ళ కిందట మంచినీళ్ళ పైపు వేశారు, అది ఏ వారన పోతోందో కూడా ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చి నారింజ రంగు గొట్టాల చుట్టలు దింపుకుని రెండు రోజుల్లో తవ్వి పూడ్చేసి వెళ్ళిపోయారు. మా స్థలం మూల దగ్గర మోకాలెత్తు సిమెంటు రాయి ఒకటి ఉంది, ఒక పక్కకి ఒరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి, చేత్తో తడిమితే బాణం గుర్తులాంటిది ఏదో తగులుతోంది అంతే. అన్నిటికన్నా నాకు నిద్ర పట్టనివ్వనిది ఎదురుగా ఉన్న స్తంభం. దాని మీద నుంచి లావుపాటి నల్ల కేబుల్ ఒకటి ఇనప గొట్టంలోంచి భూమిలోకి దిగింది. దిగడం కనపడుతోంది, ఎక్కడ పైకి లేచిందో కనపడట్లేదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి చూశాను, అది మా వరసలోనే ఉంది, అక్కడ కూడా ఒక కేబుల్ భూమిలోంచి పైకి వస్తోంది, అదీ ఇదీ ఒకటేనా కాదా తెలీట్లేదు.

మేస్త్రి మాత్రం ఆదివారం జేసీబీ పెట్టేద్దాం, పూట పని, ఇక్కడ నలభై ఇళ్ళు కట్టాను ఒక్కచోట కూడా ఏమీ కాలేదు అంటున్నాడు. మనిషి మంచివాడే, పని కూడా బాగా చేస్తాడు, కానీ మొన్నామధ్య పక్క వీధిలో కాలవ తవ్వుతుంటే ఫైబర్ తెగి మూడు వీధులకి రెండు రోజులు నెట్ లేదు. అది నెట్ కాబట్టి సరిపోయింది, అదే కరెంటు అయితే? తవ్వేది మా దగ్గర దిగపహండి నుంచి వచ్చే కుర్రాళ్ళు, 20, 22 ఏళ్ళ వాళ్ళు, నన్ను నమ్మి గోతిలో దిగుతారు.

కాబట్టి అడిగేదేటంటే, ముందు ఎవరి దగ్గరకి వెళ్ళాలి? మొబైల్‌లో ఏదో యాప్ ఉందంటున్నారు అది నిజంగా పని చేస్తాదా? మామూలుగా కేబుల్ ఎంత లోతులో వేస్తారు, మూడున్నర అడుగులకి తగులుతాదా? అసలు జేసీబీ పెట్టొచ్చా లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాయగడ_సైట్:

తమ్ముడూ, ముందు ఆ జేసీబీ అబ్బాయికి ఫోన్ చేసి ఆదివారం రావద్దని చెప్పెయ్, చెప్పాక మిగతాది చదువు.

నేను 14 ఏళ్ళుగా కేబుల్ వేసే కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్వైజర్‌ని, రాయగడ, కోరాపుట్, జయపురం అన్నీ తిరిగాను. నీ ప్రశ్నలో లోతు గురించి అడిగావు కదా అదే ముందు చెప్తాను, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. పుస్తకం ప్రకారం అయితే కేబుల్ వేయడానికి ఐఎస్ 1255 అని ఒక కోడ్ ఉంది, దాని ప్రకారం ఇళ్ళకిచ్చే లో టెన్షన్ కేబుల్ కనీసం 75 సెంటీమీటర్ల లోతు, 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైన్ అయితే 90 సెంటీమీటర్లు, 33 కేవీ అయితే మీటరూ 5 సెంటీమీటర్లు. ఫైబర్ అయితే ఇంకా లోతుకి 1.65 మీటర్లు వెయ్యాలి. ఇప్పుడు నీ మూడున్నర అడుగులంటే ఎంత? మీటరూ 7 సెంటీమీటర్లు. అంటే అంతా పద్ధతి ప్రకారం వేసి ఉన్నా సరే నీ పునాది 11 కేవీ కేబుల్‌ని దాటి కిందకి పోతాది. తగులుతాదా అని అడగక్కర్లేదు, అది నీ గోడ కింద ఉంటే తగిలే తీరతాది.

పైగా పద్ధతి ప్రకారం ఉందని ఎవడు చెప్పాడు. మా వైపు రెండడుగులకే బండ తగిలితే అక్కడితో ఆపేసి పైన స్లాబు ముక్క కప్పి వెళ్ళిపోయిన చోట్లు నా కళ్ళతో చూశాను. వేసినప్పుడు సరైన లోతులోనే వేసినా తర్వాత రోడ్డు వాళ్ళు వచ్చి బర్మ్, అదే రోడ్డు పక్క మట్టి, గీకేస్తారు, ఒక అడుగు మట్టి పోతాది, కేబుల్ మాత్రం ఉన్నచోటే ఉంటాది. డ్రాయింగులూ అంతే. డ్రాయింగ్‌లో "రోడ్డు అంచు నుంచి 1.2 మీటర్లు" అని రాసి ఉంటాది, అప్పటి రోడ్డు అంచు వేరు, రోడ్డు వెడల్పు చేశాక ఇప్పుడున్న అంచు వేరు. కాగితం చూసి ఇక్కడ ఏదో ఉంది అని నమ్ము, ఇక్కడ ఏమీ లేదు అని మాత్రం ఎప్పుడూ నమ్మకు.

ఎవరిని అడగాలి అంటే, కరెంటుకి మీ సెక్షన్ ఆఫీసు. నోటితో చెప్పి రావద్దు, ఫలానా తేదీన ఫలానా చోట ఇంత లోతు తవ్వుతున్నాం లైన్‌మేన్‌ని పంపి కేబుల్ దారి చూపించండి అని అప్లికేషన్ రాసి, ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకో. నీళ్ళ పైపుకి మున్సిపాలిటీ వైపు నీళ్ళ ఆఫీసులో అడుగు, అక్కడ వాల్వు తిప్పే మనిషి ఒకాయన ఉంటాడు, ఇంజనీరు కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు, ఆయన్ని బతిమాలి తీసుకురా. యాప్ నిజమే, పేరు కాల్ బిఫోర్ యూ డిగ్, 2023 మార్చి 22న ప్రధానమంత్రి విడుదల చేశారు, టెలికం శాఖ వాళ్ళూ గాంధీనగర్‌లో ఉన్న భాస్కరాచార్య సంస్థ వాళ్ళూ కలిసి తయారుచేశారు. నువ్వు తవ్వే చోటు మ్యాప్ మీద పెట్టి తేదీ ఇస్తే అక్కడ లైన్లున్నవాళ్ళకి ఎస్సెమ్మెస్, మెయిల్ వెళ్తాది, వాళ్ళ నంబరు నీకు వస్తాది. చెప్పా పెట్టకుండా తవ్వి కేబుళ్ళు తెంపడం వల్ల దేశంలో ఏడాదికి 3,000 కోట్ల నష్టం అని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది, మరి ఊరికే పెట్టలేదు కదా ఆ యాప్. పైగా 2023 టెలికం చట్టం వచ్చాక ఫైబర్ లాంటి టెలికం లైన్ పాడు చేస్తే నష్టపరిహారం కాక 50 లక్షల దాకా జరిమానా ఉంది. అయితే ఒకటి, ఆ యాప్‌లో ఎంట్రీ చేసుకున్నవాళ్ళ లైన్లే అందులో కనపడతాయి. యాప్ ఖాళీగా చూపిస్తే భూమి ఖాళీగా ఉందని కాదు.

భూమిలో కేబుల్ ఎక్కడుందో పట్టే లొకేటర్ మిషన్ ఎవరైనా కాంట్రాక్టర్ దగ్గర దొరికితే తెప్పించు, కానీ దానికీ హద్దులున్నాయి. ఊరికే పవర్ మోడ్‌లో పెట్టి నడిస్తే కరెంటు పారుతున్న కేబుల్‌నే పట్టుకుంటాది. లోడు లేని కేబుల్ దాని కింద పడుకుని ఉన్నా కూత పెట్టదు. ప్లాస్టిక్ పైపుకి అసలే పలకదు, పక్కన మిషన్‌కి దొరకడానికని ట్రేసర్ వైరు వేసి ఉంటే తప్ప.

చివరికి మిగిలేది ట్రయల్ పిట్, అంటే కింద ఏముందో చూడ్డానికి ముందుగా తీసే చిన్న గొయ్యి. గోడ గీత వెంబడి కాకుండా దానికి అడ్డంగా, అంటే రోడ్డు వైపు నుంచి నీ స్థలం లోపలికి, అడుగున్నర వెడల్పు నాలుగడుగుల పొడవుతో ప్రతి పది పన్నెండు అడుగులకీ ఒక గొయ్యి, పునాది అడుగు కన్నా ఇంకో అర అడుగు కిందకి. చేత్తోనే. గునపం నిలువుగా దించొద్దు, ఇది మీ కుర్రాళ్ళకి పది సార్లు చెప్పు. గునపం కొన అంటే మనిషి బలమంతా ఒక్క రూపాయి బిళ్ళంత చోట పడుతాది, కేబుల్ మీద ఎన్ని పొరలున్నా ఆగదు. కర్ర పిడి ఉన్న పారతో, పక్క నుంచి మట్టి గీరుతూ, పలచగా. మట్టి రంగు చూస్తూ ఉండాలి. మీ ఎర్రమట్టిలో హఠాత్తుగా ఏటి ఇసక కనపడిందంటే చెయ్యి ఆపెయ్, దేవుడు ఇసక తెచ్చి అక్కడ పొయ్యడు, కేబుల్ కింద పైన మెత్తగా ఉండాలని మేమే పోస్తాం. వరసగా పడుకోబెట్టిన ఇటుకలు, పసుపు లేదా ఎరుపు ప్లాస్టిక్ టేపు, సిమెంటు పలక, ఏది కనపడినా సరే అక్కడి నుంచి చేతులతోనే.

పర్లాకిమిడి_జేసీబీ:

పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నేను జేసీబీ నడుపుతాను, 9 ఏళ్ళు అయింది, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం దాకా వెళ్తాను. మేస్త్రి నలభై ఇళ్ళు కట్టాను ఏమీ కాలేదు అన్నాడు కదా, నేను అంతకన్నా ఎక్కువ గోతులు తీశాను, ఒక్కసారే అయింది.

అది కాలవ పని. లైన్ ఆఫ్ చేయించాం తవ్వు అని చెప్పారు, ఎవరు ఆఫ్ చేయించారు ఏ లైన్ ఆఫ్ చేయించారు నేను అడగలేదు. మూడో బకెట్‌కి పన్ను దేనికో పట్టుకుంది, చెట్టు వేరు అనుకుని కొంచెం లాగాను. లాగగానే గోతిలోంచి ఫట్ మని ఎంత వెలుగంటే పగలు 11 గంటలకి కూడా కళ్ళు మూతపడిపోయాయి, తర్వాత కాసేపు ఎటు చూసినా పచ్చ మచ్చే. కాలిన రబ్బరు వాసన. మా హెల్పరు కుర్రోడు నన్ను దింపుదామని పరిగెత్తుకొచ్చి తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయాడు, నేను అద్దం లోపల నుంచి ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీదు, వాడు ఆగిపోయాడు. వాడు ఆ పిడి పట్టుకుని ఉంటే, కాళ్ళు నేల మీద చెయ్యి బండి మీద, వాడి ఒంట్లోంచే కరెంటు దిగిపోయేది.

అప్పుడు కరెంటు పోయింది, వీధంతా పోయింది, అందరూ దిగెయ్ దిగెయ్ అంటున్నారు. నేను దిగలేదు, అంతకు ముందు ఒక పాత ఆపరేటర్ చెప్పిన మాట గుర్తుంది కాబట్టి. ట్రిప్ అయిన లైన్‌ని సబ్‌స్టేషన్‌లో వాళ్ళు మళ్ళీ చార్జ్ చేసి చూస్తారు, కొమ్మ తగిలి ట్రిప్ అయిందేమో అనుకుంటారు వాళ్ళు, వాళ్ళకి ఇక్కడ నా బకెట్ ఉందని ఎలా తెలుస్తాది. నిజంగానే రెండు మూడు నిమిషాలకి మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ ఫట్ మంది. దిగి ఉంటే ఆ టైముకి నేను మెట్టు మీద ఉండేవాణ్ణి. 1912కి ఫోన్ చేయించి, లైన్‌మేన్ వచ్చి, రెండు వైపులా విడదీసి ఎర్త్ చేశాం అని ఆయన నోటితో చెప్పేదాకా 40 నిమిషాలు సీట్లోనే కూర్చున్నాను.

ఇది మీ జేసీబీ ఆపరేటర్‌కి కూడా చూపించండి. బండిలో ఉన్నవాడు బండిలోనే ఉండాలి. బండికి మంట అంటుకుంటే తప్ప దిగకూడదు, దిగాల్సి వస్తే మెట్టు మీంచి కాదు, బండినీ నేలనీ ఒకేసారి ముట్టుకోకుండా రెండు కాళ్ళు దగ్గర పెట్టుకుని గెంతాలి, తర్వాత అడుగులు వెయ్యకుండా పాదాలు రెండూ ఆనించి జరుపుకుంటూ దూరంగా పోవాలి. నేలలోకి కరెంటు దిగినప్పుడు అడుగడుగుకీ వోల్టేజి మారతాది, పెద్ద అంగ వేస్తే ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతాది. బయట ఉన్నవాళ్ళు కనీసం 10 మీటర్లు వెనక్కి.

ఇప్పుడు నేను ట్రయల్ పిట్ చూపించకపోతే బకెట్ దించను. అడ్వాన్స్ ఇచ్చినా వెనక్కి ఇచ్చేస్తాను. లైన్ కనపడ్డాక కూడా దానికి ఈ పక్క మీటరు ఆ పక్క మీటరు కూలీలే తియ్యాలి, మిగతాది నేను తీస్తాను, అదీ పళ్ళు లేని బకెట్‌తో, గోతి పక్కన ఒక మనిషి నిలబడి చెయ్యి చూపిస్తూ ఉంటేనే.

అంకులి_వాసి:

అన్నలిద్దరికీ చేతులెత్తి దండం. ఆదివారం జేసీబీ ఆపేశాను. మేస్త్రికి కోపం వచ్చింది కానీ మీ ఇద్దరు రాసింది చదివి వినిపిస్తే ఏమీ మాట్లాడలేదు. అప్లికేషన్ ఇచ్చాను, స్టాంపు వేయించుకున్నాను, సోమవారం లైన్‌మేన్ వస్తానన్నారు. యాప్‌లో కూడా పెట్టాను, ఇద్దరి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది, ఒకరు మా లైన్ మీ వీధిలో లేదు అన్నారు, ఇంకొకరు ఉంది మనిషిని పంపిస్తాం అన్నారు.

ఇంకో డౌట్. ఎదురింటి పెద్దాయన ఇప్పుడు అంటున్నారు గ్యాస్ పైపు కూడా వస్తుందని ఎవరో కొలతలు తీసుకెళ్ళారని, వేశారో లేదో ఆయనకి తెలీదు. గ్యాస్ అయితే ఎలా గుర్తుపట్టాలి? ఒకవేళ తగిలితే ఏం చెయ్యాలి?

గంజాం_లైన్_వాకర్:

నేను పైప్‌లైన్ మీద నడిచే పని చేస్తాను, రోజూ నాకిచ్చిన కిలోమీటర్లు నడిచి ఎవరైనా తవ్వుతున్నారా మట్టి పోశారా చూసి చెప్పడమే నా ఉద్యోగం. శ్రీకాకుళం అంగుల్ లైన్ మన గంజాం జిల్లా మీదుగానే పోతోంది కదా, కాబట్టి ఈ వైపు ఊళ్ళవాళ్ళందరికీ ఇది తెలియాలి.

గ్యాస్‌లో రెండు రకాలు. పొలాల్లోంచి పోయే పెద్ద ఉక్కు పైపులు వేరు, ఇళ్ళకిచ్చే చిన్న ప్లాస్టిక్ పైపులు వేరు. పెద్ద లైన్ ఉన్నచోట ఆ పట్టీ మీద 1962 నాటి పైప్‌లైన్ చట్టం వర్తిస్తాది, భూమి రైతుదే, పంట వేసుకోవచ్చు, కానీ ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. మన వైపు జీడి మొక్కలు నాటేస్తుంటారు, నేను ఎన్నిసార్లు బతిమాలి తీయించానో, జీడి వేరు లోతుకి పోతాది బాబూ అని. ఒకసారి ఒక రైతు బోరు బండి పిలిపించేశాడు, రాడ్డు దించడానికి సిద్ధంగా ఉంది, మార్కరు రాయి అక్కడికి 15 అడుగులు లేదు. నేను పరిగెత్తుకెళ్ళి బండి ముందు నిలబడ్డాను. ఆయన తిట్టాడు, తర్వాత మజ్జిగ ఇచ్చాడు.

ముఖ్యమైన సంగతి, గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. ఇళ్ళకిచ్చే గ్యాస్‌లో మెర్కాప్టాన్ అని ఒక మందు కలుపుతారు, ఆ కుళ్ళిన గుడ్డు వాసన దానిది. పెద్ద ట్రంక్ లైన్లలో మామూలుగా కలపరు. అక్కడ లీకైతే బుస్ మనే చప్పుడు, ఎగిరే దుమ్ము, పచ్చటి చోట ఎండిపోయిన గడ్డి మచ్చ, తడి నేలలో బుడగలు, ఇవే గుర్తులు. కాబట్టి వాసన రాలేదు కదా అని ఉండిపోవద్దు.

మీ వీధిలో అయితే ఉంటే గింటే చిన్న పైపే ఉంటాది, పసుపో నారింజో రంగు ప్లాస్టిక్, పైన హెచ్చరిక రాసిన మ్యాట్. ఫైబర్ గొట్టం కూడా నారింజ రంగులో ఉంటాది చాలాసార్లు, రంగు చూసి ఇది ఫైబరే అని తేల్చెయ్యకండి, గొట్టం మీద అచ్చేసిన అక్షరాలు చదవండి, అర్థం కాకపోతే ఫోటో తీసి పంపి అడగండి.

తగిలితే, పని వదిలేసి గాలి ఎటు నుంచి వస్తోందో అటు వైపు అందరూ దూరంగా పోవాలి. బండి ఇంజను ఆపగలిగితే అక్కడికక్కడే ఆపి దిగి పొండి, ఒకసారి ఆగిన ఇంజనుని మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు. బీడీ, అగ్గిపెట్టె, లైటు స్విచ్ ఏదీ వద్దు, ఫోన్ కూడా దూరం వెళ్ళాకే. మార్కరు మీద ఎమర్జెన్సీ నంబరు ఉంటాది, అది లేకపోతే 112. చాలామంది చేసే తప్పు గబగబా మట్టి కప్పెయ్యడం. కప్పితే గ్యాస్ ఆగదు, మట్టి కిందుగా పాకి మురుగు కాలవలోంచో కేబుల్ గొట్టంలోంచో పక్కింటి వంటగదిలో తేలుతాది. పైపు వంచి కట్టెయ్యాలని కూడా చూడొద్దు, ప్లాస్టిక్ పైపులోంచి గ్యాస్ జోరుగా పోతుంటే దాని మీద స్టాటిక్ కరెంటు పుడతాది, నిప్పురవ్వకి అది చాలు.

ఇంకొకటి, పైపు పగలకపోయినా గీత పడినా సొట్ట పడినా చెప్పాలి. పార కొంచెం తగిలింది లెండి అని పూడ్చేస్తారు. ఆ గీత ఎన్నాళ్ళకైనా అక్కడే పగులుతాది.

రాయగడ_సైట్:

ఆ చివరి ముక్క కేబుల్‌కి కూడా వర్తిస్తాది. పై తొడుగు చిరిగితే ఆ రోజు ఏమీ కాదు, వానాకాలంలో నీరు పట్టి నెలల తర్వాత పేలుతాది, అప్పటికి ఆ చోట ఎవరి పిల్లలు ఆడుకుంటుంటారో. దాచకుండా చెప్పేస్తే అతుకు వేసి పోతారు.

గుణుపురం_అక్క:

నాకు ఈ పని గురించి తెలీదు కానీ ఒక మాట చెప్పాలనిపించింది. మా తమ్ముడు కేబుల్ గోతులు తవ్వే పనికి వెళ్ళేవాడు. ఒక వీధిలో పాత సర్వీసు కేబుల్ మీద గునపం దింపాడు. కరెంటు కన్నా ఆ మంటే వాణ్ణి కాల్చింది, రెండు చేతులూ మోచేతుల దాకా, గడ్డం కింద. ఆ గునపం తర్వాత ఇంటికి తెచ్చారు, కొన కొవ్వొత్తి కరిగినట్టు కరిగిపోయి నున్నగా గుండ్రంగా ఉంది. బతికాడు. ఇప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు, అన్నం ఎడమ చేత్తో తింటాడు, పెళ్ళిళ్ళకి రాడు అందుకని.

అప్పుడు అందరూ వాడినే అన్నారు, చూసుకోవద్దా అని. కానీ వాళ్ళకి డబ్బులు ఎలా ఇచ్చేవారో ఎవరూ అడగలేదు. అడుక్కింత అని. ఎన్ని అడుగులు తవ్వితే అన్ని డబ్బులు. అలాంటప్పుడు ఎవడు ఆగి పార పక్క నుంచి గీరుతూ కూర్చుంటాడు అన్నయ్యా, గంటలో అయ్యేది పూట పడితే ఆ రోజు కూలి పోయినట్టే కదా. మీరు నెమ్మదిగా తవ్వండి అని చెప్తే సరిపోదు, ఆ గోతులకి అడుగుల లెక్క కాకుండా రోజు కూలి ఇవ్వండి, ఎన్ని గోతులైనా పర్వాలేదు అని ముందే చెప్పండి. అప్పుడు వాళ్ళే జాగ్రత్తగా తవ్వుతారు.

అంకులి_వాసి:

అక్కా, మీ మాట చదివి నాన్నకి వినిపించాను. మేస్త్రితో మాట్లాడి ట్రయల్ పిట్లకి రోజు కూలి అని చెప్పాం, నలుగురు మనుషులు, రెండు రోజులు. మీ తమ్ముడి సంగతి ఆ కుర్రాళ్ళకి ఒడియాలో నేనే చెప్పాను, పని మొదలు పెట్టే ముందు కూర్చోబెట్టి. గునపాలు వాళ్ళే తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేశారు.

ఏమైందో అంతా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాది.

సోమవారం లైన్‌మేన్ గారు వచ్చారు, రిటైర్మెంటుకి దగ్గరున్న మనిషి. స్తంభం దగ్గర కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కేబుల్ రెండూ ఒకటే, 11 కేవీ, అన్నారు. ఇది రోడ్డు దాటి మీ వరసకి వచ్చి రోడ్డు వారనే తిన్నగా పోవాలి అని సున్నంతో గీత గీశారు. ఆ గీత మా గోడ వచ్చే చోట కట్టిన తాడుకి మూడడుగులు బయట, రోడ్డు వైపు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం గొయ్యి తీసి చూడండి, నేను రేపు కూడా వస్తాను అన్నారు.

మొదటి గొయ్యిలో గీత కింద కేబుల్ దొరికింది, ఆయన చెప్పిన చోటే, ఇటుకలు, ఇసక, అన్నీ పద్ధతిగా. రెండో గొయ్యిలో నీళ్ళ పైపు, అడుగున్నర లోతులోనే. అందులో కేబుల్ లేదు. గీత కింద లేదు. ఇంకో అడుగు లోతుకి తీసినా లేదు. అందరం ఎక్కడికి పోయిందా అని చూస్తున్నాం. మూడో గొయ్యి మా మూల దగ్గర, ఆ ఒరిగిన రాయి పక్కన. కుర్రాడు ఒకడు గోతిలో కూర్చుని పారతో గీరుతున్నాడు, నేను పైన నిలబడి చూస్తున్నాను, ఉన్నట్టుండి వాడే చెయ్యి పైకెత్తి రొహొ, రొహొ అన్నాడు, ఆగండి ఆగండి అని. ఎర్రమట్టి మధ్య నాలుగు వేళ్ళ మందాన తెల్లటి ఇసక చార. వాడు పార పక్కన పెట్టేసి చేతులతో తుడిచాడు, ఒక ఇటుక అంచు కనపడింది. ఇటుక కింద కేబుల్. నేల మీద నుంచి కొలిస్తే 55 సెంటీమీటర్లు. మా గోడ తాడుకి లోపల వైపు. అంటే మా పునాది సరిగ్గా దాని మీదకే వచ్చేది.

లైన్‌మేన్ గారు చాలాసేపు చూసి అప్పుడు గుర్తు చేసుకున్నారు, కేబుల్ వేసినప్పుడు ఇక్కడ పెద్ద చింతచెట్టు ఉండేదంట, దాని వేళ్ళు తప్పించడానికి ఖాళీ స్థలమే కదా అని మూల కోసుకుంటూ లోపలికి తిప్పి మళ్ళీ రోడ్డు వారకి తీసుకెళ్ళారంట. చెట్టు పోయింది, ఇప్పుడు ఎవరికి గుర్తుంటాది. లోతు ఎందుకు తక్కువ ఉందంటే దానికి కారణం మేమే, స్థలం చదును చేయించినప్పుడు ఆ మూల ఒక అడుగుకి పైనే మట్టి తీయించాం, ట్రాక్టరు బ్లేడుతో. ఆ రోజు బ్లేడు ఇంకొంచెం దిగి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతోంది.

ఆ రాయి ఫైబర్‌దే అన్నారు వచ్చిన మనిషి, కానీ ఫైబర్ అక్కడ లేదు, రోడ్డుకి ఆ పక్క ఉంది. ఎవరో రాయి పీకి ఇటు పాతారు. గ్యాస్ పైపు ఇంకా వెయ్యలేదని తేలింది.

కేబుల్ పక్కకి మార్పించాలంటే ఎస్టిమేట్ కట్టి డబ్బు మనమే పెట్టుకోవాలన్నారు, టైమూ పడుతుంది. నాన్న ఒక రోజంతా ఆలోచించి గోడనే మూల దగ్గర 14 అడుగుల పొడవున కేబుల్ దాటి లోపలికి జరుపుదాం అన్నారు. స్థలం పోతోందని ఆయనకి బాధే, చిన్న ఉద్యోగంలో కూడబెట్టి కొన్నది. కానీ ఆ కుర్రాడు చెయ్యెత్తినప్పుడు ఆయన కూడా అక్కడే ఉన్నారు. సోక్ పిట్ వెనక వైపు కాబట్టి అక్కడ కూడా రెండు ట్రయల్ పిట్లు తీసి ఏమీ లేదని చూసుకుని జేసీబీ పెట్టాం, ఆపరేటర్ పళ్ళు లేని బకెట్ తెచ్చాడు.

రాయగడ_సైట్:

చాలా మంచి పని చేశావు తమ్ముడూ. ఆ మూల 55 సెంటీమీటర్లే ఉందని సెక్షన్ ఆఫీసుకి రాసి ఇవ్వు, వాళ్ళు పైన పలకలు వేయిస్తారు. మీరు తీసిన గోతులు పూడ్చేటప్పుడు తవ్విన మట్టి రాళ్ళతో సహా నెట్టెయ్యొద్దు, కేబుల్ చుట్టూ జల్లెడ పట్టిన ఇసక, దాని మీద తీసిన ఇటుకలు మళ్ళీ అదే వరసలో, అడుగు పైన కొత్త టేపు, అప్పుడు మట్టి. పూడ్చకముందే కొలబద్ద పెట్టి ఫోటోలు తీసుకో, కొలత ఎప్పుడూ కదలని దాని నుంచి పెట్టు, రోడ్డు నుంచి కాదు. సోక్ పిట్‌లో మనుషులు దిగితే ఐదడుగులు దాటాక పక్కలకి చెక్కలు ఆనించి దించు, తీసిన మట్టి గట్టు మీద కాకుండా కనీసం మీటరున్నర దూరంగా పోయించు, వాన పడితే ఆ రోజు ఎవర్నీ దించకు.

అంకులి_వాసి:

అలాగే చేశాం అన్నా. చెక్కలు కొట్టించాకే దించాం. కొలత ఇంటి పునాది మూల నుంచి తీసుకున్నాను, కేబుల్ అక్కడి నుంచి 11 అడుగుల 4 అంగుళాలు, లోతు 55 సెంటీమీటర్లు. కొత్త గోడ బయటి వైపు సిమెంటు ఆరాక ఎర్ర పెయింటుతో రాయించాను, 11 కేవీ కేబుల్, తవ్వొద్దు అని, కింద బాణం గుర్తు. తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాను. ఒడియా అక్షరాలు ఆ చెయ్యెత్తిన కుర్రాడే రాశాడు.